కాల్పులు ఆగాక కమాండర్ పని ఏమిటి? పనిచేసినవాళ్లు, చూసినవాళ్లు రాయండి

అరండల్‌పేట మాస్టారు
శనివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. గుంటూరులో డిగ్రీ పిల్లలకు చరిత్ర చెప్పి రిటైరయ్యాను. ఆదివారం ఉదయం ఎన్‌సీసీ కేడెట్లకు ఇప్పటికీ ఒక గంట క్లాసు తీసుకుంటాను. పోయిన వారం ఒక అమ్మాయి అడిగిన ప్రశ్నకు నా దగ్గర సరైన జవాబు లేకపోయింది. అప్పటి నుంచి మనసు దాని మీదే ఉంది.

2025 నవంబర్ 18న మారేడుమిల్లి అడవుల్లో మావోయిస్టు నాయకుడు హిడ్మా చనిపోయాడు. అదే రోజు మన విజయవాడ ఆటోనగర్ వైపు ఒక భవనంలో ఉన్న మావోయిస్టులను పోలీసులు పట్టుకున్నారు. అంతకు నెల ముందు ఇంకో మావోయిస్టు నాయకుడు మల్లోజుల వేణుగోపాల్ మహారాష్ట్ర గడ్చిరోలిలో 60 మందితో కలిసి లొంగిపోయాడు. క్లాసులో ఈ వార్తలు మాట్లాడుకుంటుంటే ఆ పిల్ల లేచి, "కార్గిల్‌లో టైగర్ హిల్ మీద జెండా ఎగరగానే గెలిచామని తెలిసింది. ఇక్కడ జెండా ఎక్కడ పెడతారు సార్? గెలిచామని ఎవరు చెప్పాలి?" అంది.

శత్రువు సొంత ఊళ్లోనే, సొంత భాష మాట్లాడే జనం మధ్యే ఉన్నప్పుడు సైనికాధికారికైనా పోలీసు అధికారికైనా నాయకత్వం అంటే ఏమిటి? తుపాకులు ఆగిన మర్నాటి నుంచి ఆయన ఏం చేయాలి? పార్టీల గొడవ ఇక్కడ వద్దు. మీకు తెలిసింది రాయండి.

బెంజ్ సర్కిల్ సీడీఎస్
శనివారం, రాత్రి 10:02

మాస్టారూ, నేను సైన్యంలో అధికారిగా చేరడానికి రాసే సీడీఎస్ పరీక్షకు ప్రిపేరవుతున్నాను. ఈ మధ్యే మలయా గురించి చదివాను, ఇప్పటి మలేషియాలో భాగం, అప్పుడు బ్రిటిష్ పాలనలో ఉండేది. అక్కడ 1948లో కమ్యూనిస్టు గెరిల్లాల తిరుగుబాటు మొదలైంది. 1951 అక్టోబర్‌లో బ్రిటిష్ హైకమిషనర్ హెన్రీ గర్నీనే దారి కాచి చంపేశారు. 1952 ఫిబ్రవరిలో జనరల్ గెరాల్డ్ టెంప్లర్ వచ్చాడు. సైన్యం, పోలీసు, సివిల్ పాలన, మూడూ ఆయన చేతికే ఇచ్చారు. ఈ పనిలో కాల్పులు పావు వంతే, మిగతా ముప్పావు జనాన్ని మన వైపు తిప్పుకోవడం అని ఆయన లెక్క. చైనా సంతతివాళ్లకు పౌరసత్వం, ఊళ్లలో ఎన్నికలు, స్వాతంత్ర్యం ఇస్తామన్న మాట, ఇవన్నీ ఆయన హయాంలో ముందుకు కదిలాయి. 1957 ఆగస్టు 31న మలయాకు స్వాతంత్ర్యం వచ్చింది. "పరాయి పాలకులతో పోరాడుతున్నాం" అన్న మాట ఇక గెరిల్లాలకు చెల్లలేదు. 1960లో ఎమర్జెన్సీ ఎత్తేశారు.

ఇరాక్‌లో అమెరికా జనరల్ పెట్రేయస్ కూడా అంతే. 2007లో అదనంగా దాదాపు 30,000 మంది సైనికులను తెచ్చి పెద్ద క్యాంపుల్లో కాకుండా బాగ్దాద్ వీధుల్లో ఉంచాడు. హింస బాగా తగ్గింది. సరైన కమాండర్ ఒక్కడు దొరికితే చాలు, పరిస్థితి మారుతుందని నా అభిప్రాయం. తప్పయితే చెప్పండి.

ఉయ్యూరు చెరకు
శనివారం, రాత్రి 10:40

తమ్ముడూ, టెంప్లర్ గురించి చదివావు, మంచిది. టాంజుంగ్ మాలిమ్ అనే ఊరి సంగతి కూడా చదువు. ఆయన వచ్చిన కొత్తలోనే ఆ ఊరి దగ్గర గెరిల్లాల దాడి జరిగితే, ఊరు నోరు విప్పడం లేదని రోజుకు 22 గంటల కర్ఫ్యూ పెట్టి బియ్యం రేషన్ కోసేశాడు. ఆయన కంటే ముందే జనరల్ బ్రిగ్స్ మొదలుపెట్టిన పథకంలో దాదాపు 5 లక్షల మందిని ఉన్నచోటి నుంచి లేపి ముళ్లకంచెల మధ్య కొత్త ఊళ్లలో పెట్టారు. జనం మనసు గెలిచారని మనం చదువుతాం. కంచె లోపల ఉన్నవాళ్లు ఏమనుకున్నారో కూడా చదవాలి.

అంత దూరం ఎందుకు? మా ఉయ్యూరు పక్కనే కాటూరు. 1949లో కమ్యూనిస్టుల కోసం వెతుకుతూ కాటూరులో, యలమర్రులో మగవాళ్ల బట్టలు విప్పించి గాంధీ విగ్రహం చుట్టూ తిప్పారు. అప్పట్లో మద్రాసు ప్రభుత్వం కృష్ణా జిల్లాకు మలబార్ పోలీసులను పంపింది. మా తాత ఏ పార్టీ మనిషీ కాదు, చెరకు రైతు. నా చిన్నప్పుడు, అంటే 1980ల్లో కూడా, "మలబార్ పోలీసులు" అన్న మాట వినబడితే మా నాయనమ్మ చేతిలో పని వదిలి లోపలికి వెళ్లిపోయేది. ఏం జరిగిందో ఎప్పుడూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

ఆ ఆర్డర్ ఇచ్చిన అధికారి కొన్నాళ్లకు వేరే చోటికి వెళ్లిపోయి ఉంటాడు. అక్కడ గెలిచామనే రిపోర్టు కూడా రాసి ఉంటాడు.

తెనాలి సుబేదార్
ఆదివారం, ఉదయం 6:15

అందరికీ జై హింద్. నేను 1987 ఆగస్టులో శ్రీలంక వెళ్లాను. అప్పుడు లాన్స్ నాయక్‌ని. జూలై 29న భారత్, శ్రీలంకల మధ్య ఒప్పందం కుదిరింది, మమ్మల్ని శాంతి కాపాడమని పంపారు. మొదట్లో జనం దండలు వేశారు. అక్టోబర్ వచ్చేసరికి ఆ జనం ఇళ్ల మధ్యే తమిళ మిలిటెంట్ల సంస్థ ఎల్టీటీఈతో కాల్పుల్లో ఉన్నాం. రెండు నెలల్లో మా పని తలకిందులైంది. చేతిలో ఉన్న మ్యాపులు పాతవి. జాఫ్నా యూనివర్సిటీ దగ్గర రాత్రిపూట హెలికాప్టర్ల నుంచి దిగిన సిక్కు లైట్ ఇన్‌ఫాంట్రీ ప్లాటూన్‌లో 30 మందికి 29 మంది పోయారు. ఆ వార్త తెలిసిన రోజు మా లంగర్‌లో ఎవరూ అన్నం ముట్టలేదు.

నాయకత్వం అంటే ఏమిటని మాస్టారు అడిగారు. నేను చూసిన ఒక మనిషి గురించి చెబుతాను. మా కంపెనీ కమాండర్ హర్యానా ఆయన, కొత్తగా వచ్చారు, తమిళం రాదు. నాకు వెల్లింగ్టన్ ట్రైనింగ్‌లో తమిళం పట్టుబడింది కాబట్టి పక్కన ఉంచుకునేవారు. ఇల్లు సోదా చేశాక ఇంటివాళ్ల దగ్గర "మా వస్తువులు ఏవీ పోలేదు" అని సంతకం తీసుకునేవాళ్లం. అది పద్ధతి. ఆయన ఆ కాగితాన్ని నమ్మేవారు కాదు. ఎదురుగా పది తుపాకులుంటే ఎవరైనా సంతకం పెడతారు అనేవారు. మర్నాడు మళ్లీ అదే ఇంటికి వెళ్లి, గడప బయటే నిలబడి, "నిన్న మావాళ్లు ఏమైనా పట్టుకెళ్లారేమో అడుగు" అని నాతో అడిగించేవారు.

ఒకసారి ఒక పెద్దావిడ చాలాసేపు ఆలోచించి, రేడియో పోయిందంది. సాయంత్రానికి అది మా కంపెనీలోనే దొరికింది. తీసినవాడు నా పక్క మంచం వాడే. వాడికి శిక్ష పడింది. రేడియో తిరిగి ఇవ్వడానికి సాబ్ నన్ను పంపలేదు, తనే వెళ్లారు. వారం తిరక్కముందే ఆ వీధి కుర్రాడొకడు నాతో, రేపు ఆ కల్వర్టు మీదుగా వెళ్లొద్దన్నాడు. మర్నాడు వెతికితే మందుపాతర ఉంది. ఈ రెండింటికీ సంబంధం ఉందని నేను రుజువు చేయలేను. కానీ ఆ రోజు ఆ బండిలో ముందు కూర్చోవాల్సింది నేను.

ఇక తమ్ముడి మాటకు వస్తాను. అలాంటి కమాండర్లు చాలామంది ఉన్నారు. అయినా ఏమైంది? 1989లో అక్కడి ప్రేమదాస ప్రభుత్వం మాతో పోరాడుతున్న ఎల్టీటీఈకే ఆయుధాలు ఇచ్చింది. 1990 మార్చిలో మావాళ్ల ఆఖరి ఓడ ట్రింకోమలీ నుంచి కదిలింది. దాదాపు 1,200 మంది జవాన్లను పోగొట్టుకున్నాం. మన అండతో ఏర్పడిన ప్రాంతీయ ప్రభుత్వం ముఖ్యమంత్రి కూడా దేశం వదిలి వచ్చేయాల్సి వచ్చింది. జూన్‌లో మళ్లీ యుద్ధం మొదలైంది.

ఆ పెద్దావిడ మాతో మాట్లాడడం వీధి అంతా చూసింది. మేం వచ్చేశాక ఆమె ఏమైందో నాకు తెలియదు. ముప్పయ్యయిదేళ్లయింది, ఇప్పటికీ అది గుర్తొస్తే నిద్ర పట్టదు.

మాచర్ల అమ్మాయి
ఆదివారం, ఉదయం 11:30

సుబేదార్ గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నేను ఆ వీధివైపు మనిషిని. ఇప్పుడు విజయవాడలో నర్సుని కానీ పుట్టింది, పదో తరగతి దాకా పెరిగింది మాచర్ల వైపు పల్లెలో. మా పల్నాడులో అప్పుడు రాత్రి అన్నలు, పగలు పోలీసులు. ఆ భయం గురించి చాలామంది రాశారు, నేను రాయను. భయం పోయాక ఏం జరిగిందో రాస్తాను. దాని గురించి రాసినవాళ్లు తక్కువ.

మా నాన్నకూ పక్క పొలం ఆయనకూ గట్టు తగాదా ఉండేది. దళం వాళ్లు వచ్చి పంచాయితీ చేసి గట్టు ఇక్కడ అని తేల్చారు. మా నాన్న వాళ్లను పిలవలేదు. తీర్పు మాకు అనుకూలంగా వచ్చింది, అంతే. 2004 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో చర్చలు జరిగినప్పుడు మా ఊళ్లో అందరూ రేడియోల చుట్టూ కూర్చున్నారు. ఇక రాత్రిళ్లు తలుపు కొట్టేవాళ్లు ఉండరనుకున్నాం. జనవరికల్లా చర్చలు పోయాయి, మళ్లీ కూంబింగ్, మళ్లీ ఎన్‌కౌంటర్లు. ఒకటి రెండేళ్లకు నల్లమలలో దళాలు లేకుండా పోయాయి. దళం పోగానే పక్క పొలం ఆయన ట్రాక్టర్ తెచ్చి గట్టు దున్నేశాడు. మా నాన్న సర్వే కోసం అర్జీ పెట్టుకున్నాడు. మూడేళ్లు తిరిగాడు. ఎవరి తీర్పు సరైనదో నేను చెప్పడం లేదు. దళం తీర్పు తప్పే అనుకోండి, సరైన తీర్పు చెప్పడానికి ప్రభుత్వం తరఫున ఎవరు వచ్చారు? రాత్రిళ్లు భయమని మా ఊరికి రాని ఉద్యోగులు, భయం పోయాక కూడా రాలేదు.

ఒకే ఒక్క ఎస్సై గారు వచ్చారు. జీపు ఊరి బయట ఆపి నడిచి వచ్చి రచ్చబండ మీద కూర్చునేవారు. అన్నల సంగతులు అడిగేవారు కాదు. ఎవరి పొలం తగాదా ఎక్కడ ఆగింది, ఎవరికి పింఛను రాలేదు, అవి రాసుకునేవారు. మా నాన్నతో, "నీ సర్వే నేను దగ్గరుండి చేయిస్తాను, నీ మీద ఇక ఎంక్వయిరీలు ఉండవు" అన్నారు. ఎనిమిది నెలలకు ఆయనకు బదిలీ అయింది.

కొత్తాయన వచ్చిన నెలకే మా నాన్నకు స్టేషన్ నుంచి కబురు వచ్చింది. దళం చేత పంచాయితీ చేయించుకున్నవాళ్ల లిస్టులో పేరుందట. పాత లిస్టు కొత్త ఎస్సై గారికి అందింది. పాత ఎస్సై గారు ఇచ్చిన మాట అందలేదు.

ఉయ్యూరు చెరకు
ఆదివారం, మధ్యాహ్నం 12:05

అమ్మాయ్, ఈ చివరి రెండు ముక్కలు పోలీస్ ట్రైనింగ్‌లో చెప్పాలి.

రిటైర్డ్ హెడ్డు
ఆదివారం, మధ్యాహ్నం 2:50

నేను హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాను. గుంటూరు జిల్లాలోనే ఎక్కువ కాలం. అమ్మా, మీ బాధ నిజం. స్టేషన్ లోపల మేం ఎలా ఉన్నామో కూడా ఒక మాట వినండి. 2005 మార్చిలో చిలకలూరిపేట స్టేషన్ మీదే దాడి జరిగింది. అడవిలో కాదమ్మా, హైవే పక్క ఊళ్లో. ఆ తర్వాత చాలా నెలలు మా ఇంట్లో నేను డ్యూటీకి బయల్దేరితే మా ఆవిడ గేటు దాకా వచ్చి వీధి మలుపు తిరిగేవరకు చూసేది. భయపడే పోలీసు జనాన్ని భయపెడతాడు. అది సమర్థించుకోవడానికి అనడం లేదు. అలా జరుగుతుందని చెబుతున్నాను.

నాయకత్వం అంటే నాకు తెలిసింది ఐపీఎస్ అధికారి వ్యాస్ గారు. 1989లో నక్సలైట్లతో పోరాడే ప్రత్యేక పోలీసు దళం గ్రేహౌండ్స్ పెట్టింది ఆయనే. అంతకు ముందు వందలమందిని లారీల్లో ఎక్కించి అడవికి పంపేవాళ్లు. శబ్దానికే దళం తప్పుకునేది, వచ్చేటప్పుడు రోడ్డు మీద మందుపాతర పేలేది. గ్రేహౌండ్స్‌లో చిన్న చిన్న టీములు, రోడ్డు వదిలి నడక, మంచి జీతం, కఠినమైన ట్రైనింగ్. అధికారి కూడా వాళ్లతోపాటే మూట మోస్తూ నడవాలి. 1993 జనవరిలో హైదరాబాద్ స్టేడియంలో ఆయన్ను కాల్చి చంపారు. ఆయన పెట్టిన పద్ధతి మాత్రం నిలిచింది. ఆ పద్ధతి దాటితే ఏమవుతుందో 2008 జూన్ 29న ఒడిశాలోని బలిమెలలో చూశాం. రిజర్వాయర్‌లో ఒకే పడవ మీద అంతమంది. 38 మంది పోయారు. అందులో నాకు తెలిసిన పిల్లలున్నారు.

కాబట్టి ముందు గన్ పని గట్టిగా జరగాలి. అది జరగకుండా సర్వేలు, పింఛన్లు ఎవరు చేయగలరు? వెళ్లిన ఉద్యోగిని చంపేస్తే?

మాచర్ల అమ్మాయి
ఆదివారం, మధ్యాహ్నం 3:20

గన్ పని వద్దని నేను అనలేదు బాబాయ్ గారూ. అది అయిపోయాక మా ఊరు ఎవరికి అప్పజెప్పారని అడుగుతున్నాను.

పాత ఐజ్వాల్ బ్యాంకు
ఆదివారం, సాయంత్రం 5:45

మాది సత్యనారాయణపురం. బ్యాంకు ఉద్యోగంలో మూడేళ్లు ఐజ్వాల్‌లో ఉన్నాను. ఈ చర్చకు మిజోరం సంగతి లేకపోతే సగమే అవుతుంది.

1959లో అక్కడ వెదురు పూసింది. పూస్తే ఎలుకలు పెరిగి పంట తినేస్తాయి. కరువు వచ్చింది. సాయం సరిగా అందలేదు. కరువు సాయానికి పెట్టుకున్న సంఘమే 1961లో మిజో నేషనల్ ఫ్రంట్ అయింది. లాల్‌డెంగా నాయకుడు. 1966 మార్చిలో తిరుగుబాటు చేశారు. మన వైమానిక దళం ఐజ్వాల్ మీద బాంబులు వేసింది. సొంత పట్టణం మీద. 1967 నుంచి కొండల మీది ఊళ్లను ఖాళీ చేయించి రోడ్డు పక్కన క్యాంపు ఊళ్లలో పెట్టారు. మలయాలో చేసినట్టే. జనాభాలో ఎక్కువమంది అలా కదలాల్సి వచ్చింది. నా కౌంటర్ దగ్గరికి వచ్చే ముసలివాళ్లు ఊరి పేరు అడిగితే రెండు పేర్లు చెప్పేవారు. ఒకటి ఇప్పుడు ఉన్నది, రెండోది సైన్యం కాల్చేసినది. ఫారంలో ఒక్క గడే ఉండేది.

మరి అలాంటి చోట శాంతి ఎలా నిలిచింది? 1986 జూన్ 30న ఒప్పందం అయింది. ఆ తర్వాత జరిగింది చూడండి. కాంగ్రెస్ ముఖ్యమంత్రి లాల్‌థన్‌హావ్లా కుర్చీ దిగి లాల్‌డెంగాకు ఇచ్చాడు, తను కింద పదవి తీసుకున్నాడు. 20 ఏళ్లు తుపాకీ పట్టినవాడు ముఖ్యమంత్రి అయ్యాడు. 1987 ఫిబ్రవరిలో రాష్ట్రం వచ్చింది. తర్వాత ఎన్నికల్లో లాల్‌డెంగా ఓడిపోయాడు. ఓడి మళ్లీ అడవికి వెళ్లలేదు.

ఇంకొకరి పేరు కూడా చెప్పాలి. బ్రిగేడియర్ సైలో. భారత సైన్యంలో పనిచేసి రిటైరైన మిజో. ఇంటికి వచ్చి, తను పనిచేసిన సైన్యమే తన జనాన్ని ఎలా చూస్తోందో చూసి 1974లో మానవ హక్కుల కమిటీ పెట్టాడు. తిరుగుబాటుదారుల వైపు వెళ్లలేదు, నోరు మూసుకుని కూర్చోనూ లేదు. పార్టీ పెట్టి 1978లో ముఖ్యమంత్రి అయ్యాడు. సైనిక నాయకత్వం గురించి పిల్లలకు చెప్పేటప్పుడు ఈయన గురించి కూడా చెప్పండి మాస్టారూ. తన యూనిఫాం తప్పు చేస్తే తనే చెప్పిన మనిషి.

బెంజ్ సర్కిల్ సీడీఎస్
ఆదివారం, రాత్రి 11:50

నిన్న నేను రాసింది సగమే నిజం. సాయంత్రం నుంచి ఇరాక్ గురించే చదువుతున్నాను. మాచర్ల అక్క చెప్పిన ఎస్సై గారి కథ మోసుల్‌లో అచ్చు అలాగే జరిగింది.

2003లో పెట్రేయస్ మోసుల్‌లో 101వ ఎయిర్‌బోర్న్ డివిజన్ కమాండర్. దాదాపు 20,000 మంది. స్థానిక మండలికి ఎన్నిక జరిపించాడు, పనులు ఇప్పించాడు, పోలీసులను నిలబెట్టాడు. అదే ఏడాది మే నెలలో బాగ్దాద్‌లో అమెరికా తరఫున పాలన చూస్తున్న పాల్ బ్రెమర్ ఒక ఆర్డర్‌తో ఇరాక్ సైన్యాన్నే రద్దు చేశాడు. లక్షలమంది ఆయుధం పట్టడం తెలిసినవాళ్లు ఒక్కరోజులో జీతం లేకుండా రోడ్డున పడ్డారు. మోసుల్ రిటైర్డ్ అధికారులు చాలామంది ఉన్న ఊరు. అయినా పెట్రేయస్ కొంతవరకు నెట్టుకొచ్చాడు. 2004 మొదట్లో ఆ డివిజన్ వెళ్లిపోయింది. దాని బదులు వచ్చిన దళం అందులో సగం కూడా లేదు. 2004 నవంబర్‌లో మోసుల్ పోలీస్ స్టేషన్ల మీద దాడులు జరిగితే పోలీసుల్లో చాలామంది స్టేషన్లు వదిలేసి వెళ్లిపోయారు.

2007 విషయం కూడా అంతే. హింస తగ్గడానికి అదనపు సైనికులు ఒక్కటే కారణం కాదు. అన్‌బార్‌లో సున్నీ తెగలు అల్ ఖైదా మీద తిరగబడి అమెరికన్లతో చేతులు కలిపాయి. అలా చేరినవాళ్లు దేశమంతటా దాదాపు లక్షమంది అయ్యారు. వాళ్లకు జీతం, ఉద్యోగం ఇస్తామన్న మాట ఇచ్చింది అమెరికన్ అధికారులు. నిలబెట్టాల్సింది ఇరాక్ ప్రధాని మాలికీ ప్రభుత్వం. చాలామందికి ఆ ఉద్యోగాలు రాలేదు. 2014 జూన్‌లో మోసుల్ ఐసిస్ చేతిలోకి పోయింది.

టెంప్లర్ 1954లో వెళ్లిపోయినా మలయా నిలిచింది. కారణం ఇప్పుడు నాకు వేరేగా కనిపిస్తోంది. ఆయన గొప్పతనం కంటే, ఆయన వెళ్లాక కూడా స్వాతంత్ర్యం మాట చెల్లింది. ఉయ్యూరు అన్నా, టాంజుంగ్ మాలిమ్ గురించి కూడా చదివాను. ఆ పేజీ నేను ముందు చదివి ఉండాల్సింది.

అరండల్‌పేట మాస్టారు
సోమవారం, ఉదయం 7:30

మీ అందరి పోస్టులు చదివాక నాకు మన హైదరాబాద్ సంగతి గుర్తొచ్చింది. మునగాల, జగ్గయ్యపేట వైపు నుంచి నైజాం ఊళ్ల జనం బండ్లు కట్టుకుని మన జిల్లాలకు వచ్చిన రోజులు మా అమ్మ చెప్పేది. 1948 సెప్టెంబర్ 13న సైన్యం కదిలింది. 17కల్లా నిజాం లొంగిపోయాడు. జనరల్ జె.ఎన్.చౌధురి మిలిటరీ గవర్నర్ అయ్యాడు. అయిదు రోజుల పని అయిపోయింది, అసలు పని అప్పుడు మొదలైంది. ముస్లింల మీద జరిగిన హత్యల గురించి ప్రభుత్వమే పండిత్ సుందర్‌లాల్ కమిటీని వేసి, ఆ నివేదికను ఏళ్ల తరబడి బయటపెట్టలేదు. తెలంగాణ పల్లెల్లో కమ్యూనిస్టు దళాలతో పోరు ఇంకో మూడేళ్లు నడిచింది. సైన్యం ఊళ్లలోకి రాగానే పారిపోయిన దొరలు కొందరు దాని వెనకే తిరిగి వచ్చారు. మాచర్ల అమ్మాయి చెప్పిన ట్రాక్టర్ గుర్తొచ్చింది నాకు.

అయితే మిలిటరీ పాలన ఉండగానే 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. 1951 అక్టోబర్‌లో కమ్యూనిస్టు పార్టీ పోరాటం విరమించింది. మరుసటి ఎన్నికల్లో రావి నారాయణరెడ్డి నల్గొండ నుంచి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో గెలిచాడు. నిన్నటిదాకా వెతికిన మనుషులకు ఓటు పెట్టె దగ్గర దారి ఇచ్చారు. చట్టాలు పూర్తిగా అమలు కాలేదు. ఆ బాకీ మళ్లీ ఎప్పుడు ఏ రూపంలో వచ్చిందో మనం చూశాం.

సుబేదార్ గారూ, ఒక్కటి అడుగుతాను. ఒక యూనిట్ వెళ్లి ఇంకో యూనిట్ వచ్చేటప్పుడు ఏం అప్పగిస్తారు?

నిర్వాహకులు
సోమవారం, ఉదయం 8:00

రాత్రి వచ్చిన రెండు పోస్టులు ఒక పార్టీని తిడుతూ ఉన్నాయి, తీసేశాం. చర్చ బాగా నడుస్తోంది, ఇలాగే కొనసాగించండి.

తెనాలి సుబేదార్
సోమవారం, ఉదయం 10:25

మాస్టారూ, మంచి ప్రశ్న. కాగితం మీద అప్పగించేవి చాలా ఉంటాయి. ఆయుధాలు, వైర్‌లెస్ సెట్లు, బంకర్ల ఇసుక మూటల దాకా లెక్క. ఏ రోడ్డు మీద ఎప్పుడు పేలుడు జరిగింది, ఏ ఇంట్లో అనుమానితుడున్నాడు, అవి మ్యాపు మీద గుర్తులు. ఏ ఇంటికి మనం ఏం మాట ఇచ్చాం అన్న దానికి మాత్రం శ్రీలంకలో రిజిస్టర్ లేదు. బెటాలియన్ కదిలితే ఆ మాటలన్నీ దానితోపాటే వెళ్లిపోయేవి.

తర్వాత నేను కాశ్మీర్‌లో రాష్ట్రీయ రైఫిల్స్‌లో చేశాను. 1990లో పెట్టిన దళం అది. అక్కడ పద్ధతి వేరు. యూనిట్ అదే ఏరియాలో ఉండిపోతుంది, మనుషులు మారుతుంటారు, అదీ ఒకేసారి కాదు, విడతలుగా. కొత్తగా వచ్చినవాడికి ఊరు తెలిసిన పాతవాడు పక్కన ఉంటాడు. నేను వెళ్లినప్పుడు ఒక హవల్దార్ నన్ను ఊళ్లో తిప్పి, ఈ ఇంట్లో కొడుకు మన కాల్పుల్లో పోయాడు, తప్పు మనదే, ఇక్కడ తలుపు కొట్టాల్సి వస్తే జేసీవో (సుబేదార్ స్థాయి అధికారి) స్వయంగా రావాలి అని చెప్పాడు. అది ఏ రికార్డులోనూ లేదు. నేను వచ్చేటప్పుడు నా తర్వాతి వాడికి అదే చెప్పి వచ్చాను.

అన్నీ అలా జరిగాయని చెప్పను. కాశ్మీర్‌లో మావాళ్ల తప్పులూ ఉన్నాయి, నేను చూసినవీ ఉన్నాయి. 1998 నుంచి సద్భావన పేరుతో స్కూళ్లు, మెడికల్ క్యాంపులు పెట్టాం. జనం మందులు తీసుకునేవారు, పిల్లల్ని పంపేవారు. కానీ సైన్యం డాక్టర్ దగ్గర క్యూ ఎంత పొడుగుంటే, ఆ ఊరి సర్కారు ఆస్పత్రి అంత ఖాళీగా ఉందన్నమాట. ఒక మేజర్ సాబ్ ఆ క్యూ చూసి సంతోషించేవారు కాదు. ప్రతి నెలా తహసీల్దార్‌ను బతిమాలి క్యాంపుకు రప్పించి, తను వెనక బెంచీ మీద కూర్చునేవారు. జనం తమ అర్జీ యూనిఫాంకు ఇవ్వబోతే, అటు ఇవ్వమని చెయ్యి చూపించేవారు.

ఆ కేడెట్ అమ్మాయి జెండా ఎక్కడ పెడతారని అడిగిందన్నారు. నాకు తెలిసింది ఆ వెనక బెంచీయే.

రిటైర్డ్ హెడ్డు
సోమవారం, మధ్యాహ్నం 1:40

మాచర్ల అమ్మాయికి. నిన్నటి నుంచి మీ మాటే తిరుగుతోంది. ఆ లిస్టుల్లో కొన్ని నా చేత్తో రాసినవే అయ్యుంటాయి. మీ ఊరివి కాకపోవచ్చు, వేరే ఊళ్లవి. పేరు ఎక్కించడానికి ఒక్క నిమిషం పట్టేది. పేరు తీసేయాలంటే ఎవరి సంతకం కావాలో మాలో ఎవరికీ తెలిసేది కాదు. తీసేయమని ఎవరూ అడగలేదు కూడా. ఇప్పుడు లొంగిపోతున్న వందలమంది పేర్లు ఎన్ని చోట్ల ఎన్ని రిజిస్టర్లలో ఉన్నాయో! వాళ్లకు రివార్డు డబ్బు ఇస్తున్నారు, ఇళ్ల స్థలాలు అంటున్నారు, సంతోషం. ప్రతి స్టేషన్‌లో పాత లిస్టు ముందేసుకుని ఒక్కో పేరు కొట్టేసే అధికారి కూడా కావాలి. ఆ పనికి మెడల్ రాదు.

మాచర్ల అమ్మాయి
సోమవారం, మధ్యాహ్నం 3:05

మీరు ఇది రాస్తారని నేను అనుకోలేదు బాబాయ్ గారూ. మా నాన్నకు చదివి వినిపించాను.

ఒక సంగతి కలుపుతాను. నేను కొన్ని నెలలు చింతూరు వైపు పనిచేశాను. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టుల మీదికి ఊరివాళ్లను కదిలించిన సల్వాజుడుం మొదలయ్యాక ఊళ్లు వదిలి ఇటు వచ్చిన ఆదివాసీలు అక్కడి అడవుల్లో గుడిసెలు వేసుకుని ఉన్నారు. ఊరివాళ్లకే తుపాకులిచ్చి ఊరివాళ్ల మీదికి పంపడం చెల్లదని 2011లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తీర్పు వచ్చినా వీళ్లు వెనక్కి పోలేదు. ఇక్కడ కుల ధ్రువపత్రం దొరకదు, అడవి భూమి మీద హక్కు రాదు. కాన్పుకు వచ్చిన ఒకామెను ఊరి పేరు అడిగితే బదులు చెప్పకుండా నా మొహం చూసింది. ఐజ్వాల్ బ్యాంకు గారు రాసిన ఫారం గడి చదివినప్పుడు ఆమె గుర్తొచ్చింది. వాళ్ల పిల్లలకు ఇప్పుడు ఇరవై ఏళ్లు వస్తున్నాయి.

అరండల్‌పేట మాస్టారు
సోమవారం, రాత్రి 8:15

వచ్చే ఆదివారం క్లాసు నేను చెప్పను. సుబేదార్ గారూ, మీరు రాగలరా? ఉదయం 7 గంటలకు. ఆ అమ్మాయి ప్రశ్న మళ్లీ అడుగుతుంది, మీరు జవాబు చెప్పండి. విజయవాడ నుంచి వచ్చేవాళ్లకు గుంటూరు స్టేషన్ దగ్గర బండి ఏర్పాటు చేస్తాను.

తెనాలి సుబేదార్
సోమవారం, రాత్రి 8:40

తప్పకుండా వస్తాను మాస్టారూ. ఆ రేడియో పెద్దావిడ గురించి కూడా పిల్లలకు చెప్పొచ్చా?

అరండల్‌పేట మాస్టారు
సోమవారం, రాత్రి 8:44

అది ముందు చెప్పండి.

మాచర్ల అమ్మాయి
సోమవారం, రాత్రి 9:30

శనివారం నైట్ డ్యూటీ దిగి నేరుగా వస్తాను. మా నాన్నను కూడా తీసుకొస్తాను. ఆయన ఇంతవరకు ఒక మిలిటరీ మనిషి పక్కన కూర్చుని మాట్లాడలేదు.

రిటైర్డ్ హెడ్డు
సోమవారం, రాత్రి 9:52

నాకూ రావాలని ఉందమ్మా. మీ నాన్నగారికి ఇబ్బంది అనిపిస్తే మానేస్తాను. ముందు ఆయన్ను అడిగి చెప్పండి.

మాచర్ల అమ్మాయి
మంగళవారం, ఉదయం 6:20

అడిగాను. రమ్మన్నారు.